టెక్సస్‌లో వేటకు మూడు రైఫిళ్లు చాలు: ఏ మూడో ఇలా తేల్చుకోండి

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ వైపు ఉండే మనవాళ్లకి ఈ సరదా ఎలా అంటుకుంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఆఫీసులో పక్క సీటాయన ఒక శనివారం తనకి తెలిసిన రాంచ్‌కి తీసుకెళ్తాడు, తన రైఫిల్ చేతికిచ్చి ఒక అడవి పందిని కొట్టిస్తాడు, సోమవారం నుంచి మనం లంచ్ టైమంతా తుపాకుల వెబ్‌సైట్లు చూస్తూ కూర్చుంటాం. ఒక్కో జంతువుకి ఒక్కో రైఫిల్ కావాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. మూడు చాలు, నిజానికి చాలామందికి రెండే చాలు. మిగతా డబ్బు స్కోప్ మీద, రౌండ్ల (తూటాల) మీద, రేంజ్ (కాల్చి సాధన చేసే చోటు) ఫీజుల మీద పెడితే వేట బాగుపడుతుంది. ఏ రెండో, ఏ మూడో తేల్చుకోవడానికి కింది వరసలో వెళ్లండి. వరస మార్చొద్దు, ముఖ్యంగా మొదటిది.

1. రైఫిల్ కంటే ముందు మీ వీసా చూసుకోండి

గ్రీన్‌కార్డ్ లేదా సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లు ఈ భాగంలో చివరి పేరాకి దాటేయొచ్చు. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు మాత్రం రెండుసార్లు చదవండి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ రౌండ్లు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దీనికి కొన్ని మినహాయింపులున్నాయి, మనకి పనికొచ్చేది ఒకటే: ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండాలి.

ఇక్కడే ఒక చిక్కుంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సస్‌లో ప్రైవేటు భూమి మీద, యజమాని అనుమతితో అడవి పందుల్ని కొట్టడానికి వేట లైసెన్సు అక్కర్లేదు. అందుకే ఆ పక్క సీటాయన "పందికి లైసెన్సు ఎందుకు, రా" అంటాడు. ఆయన చెప్పింది ఆయన వరకు నిజమే. మీకు లైసెన్సు కావాల్సింది పంది కోసం కాదు, ఆ రైఫిల్ పట్టుకోవడం కోసం. రేంజ్‌లో అద్దె తుపాకీ తీసుకున్నా ఇదే లెక్క. ఇంకోటి, టెక్సస్ మామూలు వార్షిక వేట లైసెన్సు ఏ నెలలో కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. మీ బీరువాలో రైఫిల్ ఉండి, సెప్టెంబర్ 1న కొత్త లైసెన్సు లేకపోతే, మీరు వేటకి వెళ్లకపోయినా ఇంట్లో కూర్చునే చట్టం తప్పినట్టు. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. గ్రీన్‌కార్డ్ వరసలో ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకి ఇలాంటి కేసు ఎంత టెన్షనో నేను చెప్పక్కర్లేదు. మీ పరిస్థితిలో ఏ చిన్న అనుమానమున్నా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే దుకాణం మెట్లెక్కండి.

1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి టెక్సస్‌లో హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. పదిహేడేళ్లు దాటినవాళ్లు మొత్తం ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు. నా సలహా మాత్రం తుపాకీ చేత్తో పట్టుకుని నేర్పే క్లాసు ఎక్కడుందో వెతుక్కుని వెళ్లమనే. మనలో ఎక్కువమందికి ఎన్‌సీసీలో తప్ప తుపాకీ ముట్టుకున్న అనుభవం ఉండదు, అమెరికన్ పిల్లలు పదేళ్లకే నేర్చుకునేది మనం నలభైలో నేర్చుకుంటున్నాం.

2. కొట్టబోయే జంతువుల్ని కాగితం మీద రాయండి

నిజంగా వెళ్లబోయేవే రాయండి. అలాస్కా ఎలుగుబంటి, ఆఫ్రికా అడవిదున్న కలలోకి వస్తే రానివ్వండి, కాగితం మీదకి మాత్రం వద్దు. టెక్సస్‌లో మనలాంటివాళ్ల జాబితా సాధారణంగా ఇలా ఉంటుంది: కుందేలు, ఉడుత; కాయోటీ (తోడేలు జాతిలో చిన్నది); అడవి పంది; వైట్‌టెయిల్ జింక. వీటితోపాటు టెక్సస్‌కే ప్రత్యేకమైన మూడు జంతువులున్నాయి, అవి మూడూ మనూరి నుంచి వచ్చినవే.

తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక, ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. రెంటినీ 1930లలో టెక్సస్ రాంచ్‌లకి తెచ్చారు, ఇప్పుడు హిల్ కంట్రీ (మధ్య టెక్సస్ కొండ ప్రాంతం) అంతటా ఉన్నాయి. మనుబోతు, అంటే నీల్‌గాయ్, దక్షిణ టెక్సస్‌లో కింగ్ రాంచ్ చుట్టుపక్కల తీరప్రాంతంలో మందలుగా తిరుగుతుంది. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వీటిని వేటాడితే జైలే. ఇక్కడ వీటిని ఎగ్జోటిక్స్ అంటారు, ప్రైవేటు భూమిలో వీటికి సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు. వేట లైసెన్సు, యజమాని అనుమతి ఉండాలి, అంతే. కాకపోతే యజమాని వేలల్లో ఫీజు అడగొచ్చు, అది వేరే విషయం.

ఒక్కో జంతువు పక్కన రెండు అంకెలు రాయండి: బరువెంత, ఎన్ని గజాల నుంచి కొట్టాల్సి వస్తుంది. కృష్ణజింక ఎనభై పౌండ్ల అటూఇటూ ఉంటుంది, కానీ బయలు ప్రదేశంలో ఉండి దూరం నుంచే పసిగడుతుంది. హిల్ కంట్రీ వైట్‌టెయిల్ మగది నూరు పౌండ్ల పైచిలుకు, మేత వేసే ఫీడర్ దగ్గర మాటు వేస్తే నూరు గజాల లోపే దొరుకుతుంది. చుక్కల జింక మగది నూట యాభై నుంచి రెండు వందల పౌండ్లు. మనుబోతు పోతు ఆరు వందల పౌండ్ల దాకా పెరుగుతుంది, చర్మం మందం, దెబ్బ తగిలాక కూడా పొదల్లోకి పరిగెత్తి మాయమవుతుంది. కొలరాడో వెళ్లి ఎల్క్ (పెద్ద జింక జాతి) కొడదామనుకుంటే దాని మగది ఏడు వందల పౌండ్లు, రెండు మూడు వందల గజాల షాట్లు మామూలే.

ఈ కాగితం పూర్తయ్యేసరికి ఒక సంగతి కనబడుతుంది. కుందేలూ ఉడుతా ఒక చివర, మనుబోతూ ఎల్కూ ఇంకో చివర, మిగతావన్నీ మధ్యలో ఒకే గుంపు. ఆ గుంపుకి ఒక్క రైఫిల్ సరిపోతుంది.

3. మధ్య రైఫిల్ ముందు కొనండి

రైఫిల్ పేరులో కనిపించే అంకె చాలావరకు బుల్లెట్ మందాన్ని అంగుళంలో చెబుతుంది, .308 అంటే అంగుళంలో వెయ్యికి 308 వంతులు. బుల్లెట్ బరువుని గ్రెయిన్లలో చెబుతారు, ఏడు వేల గ్రెయిన్లు ఒక పౌండు. ఈ రెండు ముక్కలు తెలిస్తే దుకాణంలో మాట్లాడగలరు.

మధ్య గుంపుకి మంచి ఎంపికలు చాలానే ఉన్నాయి, వాటి మధ్య తేడాల గురించి జనం ఇంటర్నెట్‌లో సినిమా హీరోల ఫ్యాన్స్‌లా కొట్టుకుంటారు. పట్టించుకోకండి. నా మాట .308 విన్‌చెస్టర్. 1952లో వచ్చింది, ఏ చిన్న ఊరి దుకాణంలో అడిగినా రౌండ్లు దొరుకుతాయి. నూట యాభై గ్రెయిన్ల బుల్లెట్‌ని సెకనుకి 2,800 అడుగుల వేగంతో పంపుతుంది. కృష్ణజింక నుంచి ముదురు పంది దాకా అన్నిటికీ చాలు. మంచి బుల్లెట్ వేసుకుని, దూరం తగ్గించుకుంటే ఎల్క్‌కి కూడా చాలు.

.308 కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్నుడు మీకు ఎక్కువనిపిస్తే 6.5 క్రీడ్‌మోర్ (ఇక్కడ అంకె మిల్లీమీటర్లలో) తీసుకోండి. 2007లో వచ్చిన రౌండ్ ఇది, భుజానికి హాయిగా ఉంటుంది, దూరానికి గాలి వాటం తక్కువ. మీ భార్యో, పెద్దపిల్లాడో అదే రైఫిల్ వాడతారనుకుంటే .243 విన్‌చెస్టర్ కూడా ఆలోచించండి, 1955 నాటిది, .308 రౌండ్ మెడనే సన్నం చేసి తయారు చేశారు, జింకలకి చక్కగా సరిపోతుంది. పెద్ద మగపందికి మాత్రం దాంతో గురి చాలా కచ్చితంగా ఉండాలి, ఎందుకంటే ముదిరిన మగపంది భుజాల మీద గట్టి కవచంలా మందపాటి చర్మం కడుతుంది. తన్నుడు లెక్క గుర్తుండాలంటే: ఒకే బరువున్న రైఫిళ్లలో .243 కంటే .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ (మాగ్నమ్ అంటే మందు ఎక్కువ పట్టే, శక్తి ఎక్కువున్న రౌండ్) సుమారు మూడు రెట్లు తంతుంది. .308 మధ్యలో ఉంటుంది. తన్నుడికి భయపడి ట్రిగ్గర్ నొక్కే ముందే కళ్లు మూసుకునేవాడికి ఏ మాగ్నమూ పనిచేయదు.

బోల్ట్ యాక్షనే తీసుకోండి, అంటే ప్రతి రౌండ్‌కీ బోల్ట్ పిడిని చేత్తో వెనక్కీ ముందుకీ లాగే రకం. రుగర్ అమెరికన్, శావేజ్ ఆక్సిస్ లాంటి చవక రకాలు కూడా నూరు గజాల్లో వరస దెబ్బలన్నీ అంగుళంన్నర లోపే పడేలా కొడుతుంటాయి, జింకకి అంతకంటే అక్కర్లేదు. కాస్త ఎక్కువ పెట్టగలిగితే టికా టీ3ఎక్స్ బోల్ట్ ఒకసారి వెనక్కి లాగి చూడండి, ఆ నునుపు మీకే తెలుస్తుంది. వాడిన రెమింగ్టన్ 700, విన్‌చెస్టర్ 70 కూడా మంచి బేరాలే, ఎవరైనా తెలిసినవాళ్లు బారెల్ లోపల చూసి బాగుందంటే. పాత రెమింగ్టన్ 700ల్లో కొన్నిటికి ట్రిగ్గర్ రీకాల్ వచ్చింది, సీరియల్ నంబరు సరిచూసుకుని కొనండి.

4. రెండోది .22, దీనికి సాకులు చెప్పకండి

.22 లాంగ్ రైఫిల్ 1887 నుంచి ఉంది. కుందేళ్లకి, ఉడుతలకి, యాభై అరవై గజాల దాకా. కానీ మీరు దీన్ని కొనాల్సింది ఉడుతల కోసం కాదు. .308 రౌండ్ ఒక్కోటి డాలర్ పైమాటే, .22 పది సెంట్ల అటూఇటూ. ఒక డబ్బా .308 ఖర్చుతో మధ్యాహ్నమంతా .22తో సాధన చేయొచ్చు, తన్నుడు లేదు, చప్పుడు తక్కువ, పిల్లలు భయపడరు. ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం, మోకాలి మీద కూర్చుని కొట్టడం, ఇవన్నీ దీనితోనే వస్తాయి.

రుగర్ 10/22 గురించి అందరూ చెబుతారు, 1964 నుంచి చేస్తున్నారు, మంచిదే. నేనైతే మొదటిసారి కొనేవాళ్లకి సీజెడ్ 457 లాంటి బోల్ట్ యాక్షన్ చెబుతాను. మీ మధ్య రైఫిల్ కూడా బోల్టే కాబట్టి చేతి అలవాటు రెండింటికీ ఒకటే అవుతుంది, పైగా 10/22 లాంటి సెమీ ఆటోమేటిక్ (ప్రతిసారీ తర్వాతి రౌండ్ తనే ఎక్కించుకునేది) చేతిలో ఉంటే కొత్తవాడు గురి చూడ్డం మానేసి టపటపా కాల్చేస్తాడు.

రెండు జాగ్రత్తలు. .22 చిన్నదని అలుసు చేయొద్దు, పైకెత్తి కాలిస్తే మైలున్నర దాకా పోగలదు. టెక్సస్‌లో .22తో జింకని కొట్టడం చట్టవిరుద్ధం, రిమ్‌ఫైర్ రౌండ్లన్నిటికీ (.22లా అడుగు అంచు మీద కొడితే పేలేవి) ఇదే రూలు.

5. మూడోది కావాలా అని ఒక సీజన్ ఆగి ఆలోచించండి

ఈ రెండింటితో ఒక సీజన్ తిరగండి. జింకల సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది, అది అయిపోయేసరికి మీకు ఏ దారి ఇష్టమో తేలిపోతుంది. ఇక్కడినుంచి దారులు రెండు.

మీకు పందులు, కాయోటీలు ఎక్కువ దొరుకుతుంటే మూడోది .223. చవక, తేలిక, మందలో ఒకదాని తర్వాత ఒకటి కొట్టేటప్పుడు చెయ్యి చలించదు. రాత్రిళ్లు థర్మల్ స్కోప్‌తో (ఒంటి వేడిని బట్టి జంతువుని చూపేది) పందుల వేటకి వెళ్లేవాళ్లు ఏఆర్-15 అనే సెమీ ఆటోమేటిక్ రకాన్నే వాడతారు. ఇక్కడొక హెచ్చరిక, దీన్ని తేలిగ్గా తీసుకోకండి: పందుల వేటగాళ్లలో .300 బ్లాక్‌అవుట్ కూడా బాగా వాడుకలో ఉంది, ఆ రౌండ్ .223 మ్యాగజైన్‌లో పట్టేస్తుంది, కొన్ని బుల్లెట్లతో ఛాంబర్‌లోకి కూడా దూరిపోతుంది. కాలిస్తే తుపాకీ మొహం మీద పేలుతుంది. అందుకని ఒకే ఇంట్లో ఈ రెండూ ఉంచొద్దు. రాత్రిపూట, జేబులో కలిసిపోయిన రౌండ్లతో ఎవరి జాగ్రత్తా పనిచేయదు.

మీ మనసు ఎల్క్ మీదో, మనుబోతు మీదో ఉంటే మూడోది .30-06 లేదా .300 విన్‌చెస్టర్ మాగ్నమ్. థర్టీ-ఆట్-సిక్స్ అని పిలిచే మొదటిది 1906 నాటిది, నూట ఎనభై గ్రెయిన్ల బుల్లెట్‌తో సెకనుకి 2,700 అడుగులు. అమెరికాలో దీంతో పడని జంతువు లేదు. కానీ మీ దగ్గర ఇప్పటికే .308 ఉంటే .30-06 కొనడం డబ్బు దండగ, ఆ రెండింటి మధ్య తేడా ఎల్క్ గుర్తుపట్టేంత లేదు. అప్పుడు మాగ్నమే కొనండి లేదా ఏదీ కొనకండి. దక్షిణ టెక్సస్ గైడ్లలో చాలామంది మనుబోతుకి .300 మాగ్నమ్ తెచ్చుకోమనే అంటారు, దానికి కారణముంది: గాయపడ్డ మనుబోతు రక్తపు చారిక సరిగ్గా వదలదు, ఆ ముళ్ల పొదల్లో వెతకడం నరకం.

కొలరాడోలో ఎల్క్‌కి రూలు కూడా రాసి పెట్టారు: కనీసం .24 మందం, బుల్లెట్ కనీసం ఎనభై అయిదు గ్రెయిన్లు, నూరు గజాల దగ్గర కనీసం వెయ్యి ఫుట్-పౌండ్ల శక్తి. .308 ఇవన్నీ సులువుగా దాటుతుంది. అక్కడ రైఫిల్ సీజన్‌లో నడుముకి పైన అయిదు వందల చదరపు అంగుళాల మెరిసే నారింజ లేదా గులాబీ రంగు బట్ట, అదే రంగు టోపీ వేసుకోవాలి. ఇంకోటి, తొమ్మిది వేల అడుగుల ఎత్తులో పది పౌండ్ల రైఫిల్ మోయడం మీ జిమ్ అంచనాకి అందదు, స్కోప్‌తో కలిపి ఎనిమిది తొమ్మిదికి మించకుండా చూసుకోండి.

పావురాలు, బాతులు ఈ లెక్కలోకి రావు, వలస పక్షుల్ని రైఫిల్‌తో కొట్టడం ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. వాటికి షాట్‌గన్ కావాలి.

6. దుకాణంలో భుజానికి ఆనించి చూడండి

కంపెనీ స్టాక్‌లు (రైఫిల్‌లో భుజానికి ఆనే వెనక భాగాలు) ఆరడుగుల మనిషి కొలతకి చేసినట్టుంటాయి. మనం సగటున అంత పొడవు ఉండం. మామూలు స్టాక్ పొడవు పదమూడున్నర అంగుళాల దరిదాపుల్లో ఉంటుంది, అయిదడుగుల అయిదంగుళాల మనిషికి అది మెడ సాచి స్కోప్‌ని వెతుక్కునేలా చేస్తుంది. అదే మోడల్‌లో కాంపాక్ట్ అనో యూత్ అనో పొట్టి స్టాక్ ఉంటుంది, పిల్లల సామాను అని సిగ్గుపడకండి. చలికి వేసుకునే జాకెట్ తీసుకెళ్లి దాని మీదే ఆనించండి. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి కళ్లు తెరవండి, స్కోప్‌లో పూర్తి గుండ్రటి బొమ్మ కనబడితే ఆ స్టాక్ మీదే. ఎడమచేతి వాటమైతే ఎడమ బోల్ట్ అడగండి, ఉంటుంది.

7. స్కోప్, ఆ తర్వాత జీరో

మధ్య రైఫిల్‌కి 3-9x40 స్కోప్ (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) చాలు. రైఫిల్ ధరలో కనీసం సగం స్కోప్ మీద పెట్టండి. సాయంకాలం చివరి పావుగంటలో జింకలు బయటికొస్తాయి, చవక అద్దంలో అప్పటికే అంతా బూడిద రంగు. మాగ్నమ్‌కి స్కోప్ కొనేటప్పుడు కంటికీ అద్దానికీ మధ్య దూరం మూడున్నర అంగుళాలకి తగ్గకుండా చూసుకోండి, లేకపోతే కనుబొమ్మ మీద అర్ధచంద్రం పడుతుంది. వేటగాళ్లలో ఆ మచ్చ ఉన్నవాళ్లు చాలామందే కనిపిస్తారు.

జీరో చేయడం, అంటే గురి చూసిన చోటే బుల్లెట్ పడేలా స్కోప్ సరిచేయడం, కష్టమేం కాదు. ముందు పాతిక గజాల దగ్గర కాగితం మీద పడేలా చేసుకోండి, తర్వాత నూరు గజాలకి వెళ్లండి, ప్రతిసారీ మూడు రౌండ్లు కాల్చి వాటి మధ్య బిందువు చూసి స్కోప్ తిప్పండి. ఒక్క రౌండ్ చూసి తిప్పితే సాయంత్రం దాకా తిప్పుతూనే ఉంటారు. .308తో నూరు గజాల్లో రెండంగుళాలు పైకి పడేలా పెట్టుకుంటే రెండు వందల గజాల్లో సరిగ్గా గురి మీద, మూడు వందల్లో సుమారు ఎనిమిది తొమ్మిది అంగుళాలు కిందకి పడుతుంది. మీరు వాడే రౌండ్ ఏదో దాంతోనే కాల్చి చూసుకోండి, డబ్బా మీది అంకెలు వాళ్ల బారెల్‌వి.

తర్వాత రేంజ్ టేబుల్ మీద ఆనించి కాల్చడం వదిలేయండి. ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేట్ పెట్టి, కూర్చుని, మోకాలి మీద, కర్రకి ఆనించి కాల్చండి. ఎన్ని గజాల దాకా ప్రతి రౌండూ ప్లేట్‌లో పడుతోందో అదే మీ హద్దు. నూట యాభై అయితే నూట యాభై. మూడు వందల గజాల్లో నిలబడ్డ ఎల్క్‌ని వదిలేసి రావడం బాధే, కానీ రైఫిల్‌కి ఎంత దూరం చేతనవునన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

8. బుల్లెట్ ఎంపిక

జింకలకి మామూలు సాఫ్ట్ పాయింట్ (మొన దగ్గర మెత్తటి సీసం బయటికి కనిపించే బుల్లెట్) చాలు, ఖరీదైనవి వద్దు. పెద్ద పంది, మనుబోతు, ఎల్క్‌కి బాండెడ్ (లోపలి సీసాన్ని పై తొడుగుకి అతికించింది) లేదా పూర్తి రాగి బుల్లెట్ తీసుకోండి, ఎముక తగిలినా ముక్కలైపోకుండా లోపలికి దిగుతాయి. కాలిఫోర్నియాలో ఉన్న మిత్రులతో వేటకి వెళ్తే సీసం బుల్లెట్లు తీసుకెళ్లొద్దు, 2019 జులై 1 నుంచి అక్కడ వేటలో వాటిని పూర్తిగా నిషేధించారు.

పందిని కోసేటప్పుడు చేతులకి గ్లోవ్స్ వేసుకోండి, వాటికి బ్రూసెల్లోసిస్ ఉండొచ్చు, మనుషులకి అంటుతుంది. మాంసాన్ని లోపలిదాకా 160 డిగ్రీల ఫారన్‌హీట్ వచ్చేదాకా ఉడికించండి. మన కూర పద్ధతిలో వండితే ఎలాగూ అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది.

9. ఇంట్లో, దారిలో

సేఫ్ కొనండి, రైఫిల్ కొన్న రోజే. టెక్సస్‌లో నింపి ఉన్న తుపాకీ పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి అందేలా వదిలేయడం నేరం. రౌండ్లు వేరే చోట, తాళం వేసి. పిల్లల స్నేహితులు ఆడుకోవడానికి వచ్చే ఇల్లైతే ఇంకా జాగ్రత్త.

విమానంలో తీసుకెళ్లాలంటే ఖాళీ రైఫిల్‌ని తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటర్ దగ్గర ముందే చెప్పి చెక్-ఇన్ చేయాలి. కొలరాడోకి మాత్రం డ్రైవ్ చేసుకుని వెళ్లడమే మేలు, వచ్చేటప్పుడు మాంసం పెట్టెలు కూడా ఉంటాయి కదా.

రేంజ్‌కి వాడే బ్యాగు వేరుగా పెట్టుకోండి, దానితో ఎప్పుడూ ఇండియాకి వెళ్లొద్దు. పక్క జేబులో మర్చిపోయిన ఒక్క రౌండ్ శంషాబాద్ స్కానర్‌లో కనబడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు, "రేంజ్‌లో మిగిలిపోయింది సార్" అంటే వినరు. ఆ బ్యాగు మీద ఎర్ర టేపు అంటించి, గ్యారేజీలో రైఫిల్ శుభ్రం చేసే సామానుతో పాటే ఉంచండి.